ఇంట్లో చిట్టెలుకలు: ఏ బోను పనిచేస్తుంది, ఏది తక్కువ బాధ పెడుతుంది

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఊళ్ళలో వరి కోతలు అయ్యాక ఎలుకల బెడద పెరుగుతుంది. పొలంలో తిండీ, దాక్కునే చోటూ పోయిన ఎలుకలు ముందు కళ్ళాల్లోకి, గడ్డివాముల్లోకి, తర్వాత ధాన్యం ఉన్న ఇళ్ళలోకి చేరతాయి. ఇంట్లోనే పుట్టి పెరిగే చిట్టెలుకలకు కూడా ఆ నెలల్లో తిండికి కొదవ ఉండదు. అవీ గబగబా పెరుగుతాయి. అప్పుడు పర్లాకిమిడి బజారుకో, బరంపురంలో ఏ కిరాణా కొట్టుకో వెళ్ళి ఎలుకలకు ఏదైనా ఇమ్మని అడిగితే, చాలాసార్లు చేతిలో పెట్టేది జిగురు అట్ట, లేదా మందు పొట్లం. రెండూ చవక, రెండూ తేలిక, రెండిట్లోనూ ఎలుక చావు మనిషి కళ్ళ ముందు జరగదు. ఎలుక ఎంతసేపు బాధపడుతుందన్న ప్రశ్న ఆ బేరంలో ఎక్కడా రాదు. నిజానికి మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

బోను దయగలదా కాదా అని తేల్చడానికి చాలామంది ఒకే కొలత వాడతారు: అది ఎలుకను చంపుతుందా, ప్రాణంతో పడుతుందా అని. ఈ కొలత సరిపోదు. ఎలుక చిక్కినప్పటి నుంచి దాని బాధ ముగిసేదాకా ఎంత సమయం పడుతుందో చూడాలి. అలా చూస్తే, క్రూరంగా కనిపించే స్ప్రింగు ట్రాప్ (ఎర ఉన్న మీట తాకగానే చట్రం మీద పడి చంపేది) చాలా ఇళ్ళకు మేలైన దారి. దయగా కనిపించే తీగ బోను, వాడే పద్ధతిని బట్టి, చాలా ఘోరంగా కూడా మారుతుంది.

కొనే ముందు ఇంట్లో తిరుగుతున్నది ఏదో తెలుసుకోవాలి. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పెరిగిన చిట్టెలుక బరువు 15 నుంచి 25 గ్రాములు. దాని రెట్టలు బియ్యపు గింజ కన్నా చిన్నవి, 3 నుంచి 6 మిల్లీమీటర్లు, చివర్లు సన్నగా ఉంటాయి. ఇంటి కప్పులో తిరిగే పెద్ద ఎలుక 100 గ్రాములు దాటుతుంది, రెట్టలు సెంటీమీటరు పైనే. పందికొక్కు ఇంకా పెద్దది, నేలలో బొరియ తవ్వి మట్టి కుప్ప పోస్తుంది. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూస్తే రోజుల తరబడి దగ్గరికి రాదు. చిట్టెలుక అందుకు పూర్తిగా వేరు, కొత్తది కనిపిస్తే ఆ రాత్రే వచ్చి వాసన చూస్తుంది. అందుకే చిట్టెలుకకు పెట్టిన ట్రాప్‌లో రెండు మూడు రాత్రులు ఏమీ పడకపోతే తప్పు ట్రాప్‌లోనో, పెట్టిన చోటులోనో ఉందని అర్థం. పెద్ద ఎలుక విషయంలో మాత్రం ఓపిక అవసరం.

ఇంకో జీవి ఉంది. పొడవాటి మూతి, చిన్న కళ్ళు, కీచుమంటూ గోడ వెంట పరుగు, దగ్గరికి వెళితే ఘాటైన వాసన. అది చుంచు. చూడటానికి ఎలుకలా ఉన్నా ఎలుకల జాతి కాదు. బొద్దింకలను, పురుగులను తింటుంది. బియ్యం బస్తా కొరికిన నేరం దాని మీద వేయడం అన్యాయం. బోనులో చుంచు పడితే వెంటనే పెరట్లో వదిలేయాలి. ఆకలికి అది ఎక్కువసేపు తట్టుకోలేదు, తెల్లారేదాకా ఉంచితే చచ్చిపోవచ్చు.

ఏది తిరుగుతోందో అనుమానంగా ఉంటే రాత్రి పడుకునే ముందు గోడ వారగా, పొయ్యి గట్టు కింద పలచగా ముగ్గుపిండి చల్లి ఉంచితే చాలు. తెల్లారేసరికి పాదాల గుర్తులు కనిపిస్తాయి. అవి ఎంత పెద్దవి, ఎటు వెళ్ళాయి అన్నది చూస్తే ట్రాప్ ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు జిగురు అట్ట సంగతి. అట్టకు అంటుకున్న చిట్టెలుక వెంటనే చావదు. విడిపించుకోవాలని గుంజుకుంటుంది, బొచ్చు ఊడుతుంది, చర్మం చీలుతుంది, మూతి జిగురులో ఇరుక్కుంటే ఊపిరాడదు. మూతి పైకే ఉంటే దాహంతో, అలసటతో గంటలు, ఒక్కోసారి ఒక రోజుకు పైగా బతికే ఉంటుంది. ఉదయం చూసినవాళ్ళు అట్టను మడిచి చెత్తబుట్టలో వేస్తారు. చావు ఆ బుట్టలో కొనసాగుతుంది. బల్లి, ఉడుత పిల్ల, పిచ్చుక ఏది నడిచినా అదే గతి. పనితనంలోనూ జిగురు గొప్పదేం కాదు. దుమ్ము పడితే పట్టు పోతుంది. నేల చెమ్మగిల్లే వానాకాలంలో, గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో దాని మీద ఆధారపడలేం.

చట్టం వైపు నుంచి కూడా ఈ అట్ట నిలబడదు. జంతువులకు అనవసరమైన నొప్పి కలిగించడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం, సెక్షన్ 11 కింద నేరం. దాని ఆధారంగానే భారత జంతు సంక్షేమ బోర్డు 2011లో, మళ్ళీ 2020లో జిగురు అట్టల వాడకాన్ని అరికట్టాలని రాష్ట్రాలకు రాసింది. న్యూజిలాండ్‌లో 2015 నుంచి అనుమతి లేనిదే వీటిని అమ్మకూడదు, వాడకూడదు. ఇంగ్లండ్‌లో 2022లో చేసిన చట్టం 2024 జూలై 31 నుంచి అమల్లోకి వచ్చింది. మన బజార్లలో ఇవి ఇంకా దొరుకుతున్నాయి కదా అని కొనాల్సిన పనిలేదు. ఇప్పటికే అట్టకు అంటుకుని ప్రాణంతో ఉన్న జీవి కనిపిస్తే, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, అంటుకున్న చోట కొద్దికొద్దిగా వంటనూనె రాస్తూ మెల్లగా విడదీయవచ్చు. నూనెకు జిగురు వదులుతుంది. బల్లులు, పిచ్చుకలు ఇలా బతికి బయటపడే అవకాశం ఉంది.

తీగ బోను మీద మనవాళ్ళకు నమ్మకం ఎక్కువ. వినాయకుడి వాహనాన్ని చంపడానికి మనసొప్పని ఇళ్ళలో ఇదొక్కటే దారి. ఆ మనసు గౌరవించాల్సినదే. చిక్కు బోను తలుపు పడిన తర్వాత మొదలవుతుంది. రాత్రి ఎనిమిదికి పడిన చిట్టెలుకను పొద్దున్న ఎనిమిదికి చూస్తే, అది పన్నెండు గంటలు ఇనప తీగల మధ్య భయంతో తిరుగుతూ గడిపిందన్నమాట. అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు, మాటిమాటికీ తినకపోతే శక్తి ఉండదు. మార్గశిర మాసపు చలిలో సిమెంటు అరుగు మీద ఉంచిన బోనులో చిట్టెలుక చచ్చి కనిపించడం వింతేమీ కాదు. వేసవిలో ప్లాస్టిక్ పెట్టె బోను ఎండ తగిలే చోట ఉంటే ఉదయం పూటే ప్రాణం పోతుంది.

తర్వాత జరిగేవి రెండు. ఒకటి, బోనుతో సహా నీళ్ళ తొట్టిలో ముంచడం. ఎన్నో ఇళ్ళలో ఇది మామూలు పద్ధతి, పెద్దగా ఆలోచించకుండానే చేస్తారు. ఎలుకకు ఈత వచ్చు, ఊపిరి బిగబట్టడమూ వచ్చు. కాబట్టి మునిగి చావడం క్షణాల్లో ముగిసే పని కాదు. జంతువును చంపక తప్పని సందర్భాల్లో ఏ పద్ధతులు ఒప్పుకోదగ్గవో చెప్పే అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు నీట ముంచడాన్ని దయగల పద్ధతిగా ఒప్పుకోవు. ఇలా ముంచే ఉద్దేశం ఉంటే తీగ బోను కొనడమే అనవసరం. స్ప్రింగు ట్రాప్ ఆ ఎలుక మీద ఎంతో ఎక్కువ దయ చూపుతుంది.

రెండోది, దూరంగా తీసుకెళ్ళి వదలడం. పర్లాకిమిడిలో అయితే మహేంద్రతనయ గట్టున, ఇంకో ఊళ్ళో అయితే చెరువు అవతల తోటలో. వదిలినవాళ్ళకు తృప్తిగా ఉంటుంది. వదిలించుకున్న చిట్టెలుక పరిస్థితి వేరు. దాని లోకం గూటి నుంచి 3 నుంచి 10 మీటర్ల లోపే. తిండి ఎక్కడ, నక్కడానికి కన్నం ఎక్కడ అన్నది దానికి ఆ కొద్ది మేర మాత్రమే తెలుసు. తెలియని గట్టు మీద పడేస్తే గుడ్లగూబో, పామో, కాకో పట్టుకుంటుంది, లేదా ఆకలికి పోతుంది. ఒకవేళ బతికితే పక్క వాడలో ఎవరి ఇంట్లోనో దూరుతుంది.

బోనే వాడాలని గట్టిగా అనుకునే ఇళ్ళు దాన్ని సరిగ్గా వాడొచ్చు, కొంచెం శ్రమ పడాలి. పెద్ద ఎలుకల కోసం చేసిన పాత తీగ బోను చిట్టెలుకకు పనికిరాదు. తీగల సందుల్లోంచి బయటికి వచ్చేస్తుంది, లేదా 15 గ్రాముల బరువుకు తలుపు పడదు. చిట్టెలుక కోసమే చేసిన చిన్న పెట్టె కావాలి, గాలి ఆడే కన్నాలు ఉండాలి. లోపల నాలుగు వేరుశనగ గింజలు, ఒక కీరదోస ముక్క, గుప్పెడు కాగితపు పేలికలో దూదో పెడితే తిండి, తడి, వెచ్చదనం మూడూ ఉంటాయి. చిట్టెలుకలు పొద్దుగూకాక, మళ్ళీ తెల్లవారక ముందు ఎక్కువగా తిరుగుతాయి. అందువల్ల బోను సాయంత్రం పెట్టి, పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూడటం కనీస ధర్మం. అలా చూడటం కుదరని రోజున బోను ఎత్తి పక్కన పెట్టాలి. ఊరెళ్ళే ముందు తెరిచి ఉంచిన బోనును మరిచిపోతే లోపల పడినది ఆకలికి చస్తుంది. ఒకేసారి చాలా ఎలుకలు పట్టే డబ్బా బోనుల్లో అవి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, కాబట్టి వాటిని ఇంకా తరచుగా చూడాలి.

పడిన చిట్టెలుకను ఇంటి గోడ బయటే, గడ్డివామో కట్టెల మోపో ఉన్న చోట, చీకటి పడ్డాక వదలడం మంచిది. చుట్టుపక్కల వాసన దానికి తెలుసు, దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. అది లోపలికి తిరిగి రాదా అంటే, కన్నాలు మూయకపోతే తప్పకుండా వస్తుంది. కన్నాలు మూసే ఉద్దేశం లేని ఇంట్లో బోను వల్ల అటు ఎలుకకూ ఇటు మనిషికీ లాభం లేదు.

స్ప్రింగు ట్రాప్ గురించి ఎక్కువ చెప్పుకోవాలి. చెక్క పలక మీద తీగ చట్రం ఉండే పాత రకం, మొసలి నోరులా మూసుకునే ప్లాస్టిక్ రకం రెండూ ఒకే పని చేస్తాయి. చట్రం మెడ మీదో తల మీదో గట్టిగా పడితే చిట్టెలుక ఒకటి రెండు క్షణాల్లో స్పృహ కోల్పోతుంది. దయ అంతా ఆ దెబ్బ బలంలోనే ఉంది. స్ప్రింగు నీరసంగా ఉంటే, లేదా దెబ్బ కాలి మీదో తోక మీదో పడితే, ఈ ట్రాప్ కూడా జిగురు అట్టంత పాపానికి ఒడిగడుతుంది. సంతలో దొరికే మరీ చవక రకాల్లో ఈ లోపం ఎక్కువ. కొనేటప్పుడు బిగించి ఒక పెన్సిల్‌తో మీట తాకి చూడాలి. ఠప్పున పడి పెన్సిల్ మీద గాటు పడాలి. మెల్లగా పడినా, పక్కకు ఒరిగినా, తుప్పు పట్టినా తీసుకోకూడదు. మీట వెడల్పుగా ఉంటే చిట్టెలుక ఎటునుంచి వచ్చినా తల సరైన చోటే ఉంటుంది.

సైజు తప్పితే ఇది కూడా హింసే. పెద్ద ఎలుక ట్రాప్‌లో చిట్టెలుక మీట కదపకుండానే ఎర తిని పోతుంది. చిట్టెలుక ట్రాప్‌లో పెద్ద ఎలుక పడితే నడుమో కాలో విరిగి ట్రాప్‌ను ఈడ్చుకుంటూ అటక మీదికి పోతుంది. మొదట ముగ్గుపిండితో తిప్పలు పడమన్నది ఇందుకే.

చిట్టెలుక నేల మధ్యన తిరగదు. మీసాలు, ఒళ్ళు గోడకు తగిలేలా వారగా పోతుంది. ట్రాప్‌ను గోడకు అడ్డంగా, మీట ఉన్న వైపు గోడకు ఆనేలా పెట్టాలి. అది రాత్రంతా ఒకచోట కూర్చుని తినదు, ఇరవై ముప్పై చోట్ల కొంచెం కొంచెం కొరుకుతుంది. ఒకే ట్రాప్ పెట్టి వారం ఎదురుచూడటం కన్నా, వంటగదిలో ఆరేడు ట్రాప్‌లు రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున ఒకే రాత్రి పెడితే పని త్వరగా అవుతుంది, ఎన్నో ఎలుకలు పుట్టి చావాల్సిన అవసరమూ రాదు. బియ్యం డ్రమ్ము వెనక, గ్యాస్ సిలిండర్ పక్క, ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉండే చోట, అటక మూల మంచి తావులు.

ఎరకు బజ్జీ ముక్క, ఎండు కొబ్బరి తరతరాలుగా పెడుతున్నదే, పనిచేస్తుంది. పెద్ద ముక్క పెడితే అంచు కొరికి పోతుంది. వేరుశనగపప్పు నూరి బెల్లంతో కలిపిన ముద్ద, శనగగింజంత, మీటకు అద్దితే అది నాకుతూ నిలబడాలి, అప్పుడు దెబ్బ తప్పదు. జీడిపప్పు ముక్క, ఎండుచేప ముక్క కూడా మంచివే, దారంతో కట్టాలి. ఎరగా దూది, నూలు పేలిక కూడా పనిచేస్తాయి, ముఖ్యంగా గూడు కట్టే ఆడ ఎలుకకు. బరంపురంలో పట్టు చీరలు నేసే ఇళ్ళలో ఇది గుర్తుంచుకోదగ్గది. అక్కడ ఎలుక బియ్యం కన్నా పట్టు పోగుల కోసం వస్తుంది.

పిల్లలు, పిల్లి, ఉడుతలు తిరిగే ఇంట్లో ట్రాప్‌ను అలాగే నేల మీద ఉంచకూడదు. చెప్పుల అట్టపెట్టెకు రెండు చివరలా రూపాయి బిళ్ళంత కన్నం చేసి, దానిలో ట్రాప్ పెట్టి గోడ వారగా ఉంచితే చిట్టెలుక దూరుతుంది, పిల్లాడి చెయ్యి దూరదు. చీకటి సొరంగంలోకి వెళ్ళడం చిట్టెలుకకు ఇష్టం కూడా.

ఎలుకల మందు ఈ లెక్కలో అన్నిటికన్నా వెనక. బ్రోమాడియోలోన్ బిళ్ళలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న ఎలుక మూడు నుంచి ఏడు రోజుల పాటు లోలోపల రక్తం కారుతూ చస్తుంది. ఆ ఎలుకను తిన్న పిల్లికీ, గుడ్లగూబకూ విషం చేరుతుంది. జింక్ ఫాస్ఫైడ్ పొడి కడుపులో విషవాయువు పుట్టిస్తుంది. పసుపు భాస్వరం పేస్టుకు మనుషుల్లో విరుగుడు లేదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బ్రెడ్ ముక్కకో బిస్కట్‌కో రాసి వంటింట్లో పెట్టే వస్తువు అది. పసిపిల్లలున్న ఇంట్లో ఏ కారణం మీదా ఉండకూడదు. ఆల్ట్రాసౌండ్ యంత్రాలు ప్లగ్గుకు పెడితే ఎలుకలు పారిపోతాయన్న ప్రకటనల సంగతి చెప్పాలంటే, సరైన ఆధారాలు చూపాలని అమెరికా వాణిజ్య కమిషన్ 2001లోనే అరవైకి పైగా తయారీదార్లకు, అమ్మకందార్లకు హెచ్చరికలు పంపింది.

పిల్లల సంగతి బాధాకరమైనది. ఆడ చిట్టెలుక 19 నుంచి 21 రోజులు మోసి ఐదారు పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలకు మూడు వారాల దాకా తల్లి పాలే ఆధారం. తల్లి ట్రాప్‌లో పడితే గూట్లో పిల్లలు ఆకలికి పోతాయి. ఏ రకం బోనుకైనా ఈ బాధ తప్పదు. దీన్ని తగ్గించే దారి ఒక్కటే, మొదటి రెట్ట కనిపించిన రోజే పని మొదలుపెట్టడం. ఆరు నుంచి ఎనిమిది వారాలకే పిల్లలు మళ్ళీ పిల్లల్ని కనే ఈడుకు వస్తాయి. పండుగ అయ్యాక చూద్దాం అని వాయిదా వేస్తే చంపాల్సినవి పెరుగుతాయి.

పట్టడం అయ్యాక అసలు పని మిగిలి ఉంటుంది. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిల్ పట్టే కన్నం ఏదైనా వాకిలే. పెంకుటింట్లో వాసాలు గోడను కలిసే చోటు, తలుపు కింద సందు, స్నానాల గది తూము, కరెంటు తీగ లోపలికి వచ్చే రంధ్రం మొదట చూడాలి. మట్టి ఒక్కటే మెత్తితే మళ్ళీ తవ్వుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచును కన్నంలో కుక్కి, పైన సిమెంటు పూయాలి. తూముకు సన్నపు కళ్ళున్న ఇనప జాలీ, తలుపు అడుగున రేకు పట్టీ. గాజు పెంకులు కుక్కే పాత అలవాటు మానడం మంచిది, అవి ఎలుక మూతినే కాదు, తర్వాత శుభ్రం చేసే చేతినీ కోస్తాయి. బియ్యం, చోళ్ళు, అప్పడాలు మూత బిగిసే డబ్బాల్లోకి మారాలి. గోనె సంచిని నేల మీద గోడకు ఆనించి ఉంచినంత కాలం ఏ బోనూ సరిపోదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను చిందరవందర చేసింది. అలాంటి గాలివానల తర్వాత పెంకులు లేచిపోతాయి, గోడలు బీటలిస్తాయి, నీట మునిగిన బొరియల్లోంచి ఎలుకలు మెట్ట మీది ఇళ్ళకు ఎక్కుతాయి, వాటి వెంట నాగుపాము రావచ్చు. ఇంటి మరమ్మతు చేయించేటప్పుడే ఈ సందులు మేస్త్రీకి చూపించి మూయించుకుంటే విడిగా ఖర్చు ఉండదు.

గోడకు గోడ కలిసిన వరుస ఇళ్ళలో ఒక్క ఇల్లు చేసే పని సగమే నిలుస్తుంది. పక్కింటివాళ్ళతో మాట్లాడి, నాలుగైదు ఇళ్ళు అదే వారంలో ట్రాప్‌లు పెట్టి, అదే వారంలో కన్నాలు మూస్తే మళ్ళీ నెలకు ఎలుకలు తిరిగి రావడం బాగా తగ్గుతుంది. చివరగా రెట్టలు ఊడ్చే తీరు. పొడిగా చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, చేతికి తొడుగో ప్లాస్టిక్ కవరో వేసుకుని తడిగుడ్డతో తీసేయాలి. చచ్చిన ఎలుకను కూడా అదే కవరులో చుట్టి లోతుగా పూడ్చాలి, వీధి మీద కాకులకు పడేయకూడదు.